ఇన్సులిన్ ఇచ్చే ముందు, నేర్పే ముందు: నర్సింగ్ విద్యార్థులకు జాగ్రత్తలు

ప్రాక్టికల్ పరీక్షలోనైనా, తిరుపతి రుయా వంటి పెద్దాసుపత్రి వార్డులోనైనా, సూది తీసుకునే ముందే రోగి చేత పేరు చెప్పించి, దానిని, ఐపీ నంబరును (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) కేస్ షీటుతో సరిచూడాలి. మంచం నంబరును గుర్తింపుగా తీసుకోకూడదు.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ సిరంజి మీద పెట్టాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న ఇన్సులిన్ సీసా (వయల్)‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లున్న వయల్‌కు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20వ గీత వరకు తీస్తే రోగికి 20 కాదు, 50 యూనిట్లు వెళ్తాయి. అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. అందుకే వయల్ మీది అంకెను, సిరంజి మీది అంకెను పక్కపక్కన పెట్టి చూసి, మరో నర్సు చేత కూడా సరిచూపించాలి.

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే ఇన్సులిన్ ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. రోగి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెరను నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి.

ఇన్సులిన్ తామే వేసుకోవడం రోగికి నేర్పేటప్పుడు "అర్థమైందా?" అని అడగడం చాలదు, ఎందుకంటే మొహమాటానికి అందరూ "అయిందమ్మా" అనే అంటారు. మోతాదు తీయడం, పొట్ట మీద చోటు మార్చుతూ పొడుచుకోవడం రోగి చేతనే చేయించి చూడాలి. చిత్తూరు వైపు నుంచి తమిళం మాట్లాడేవారు వస్తే వారి భాషలోనే చెప్పించాలి. శనివారం ఒక్కపొద్దు ఉంటారా, అలిపిరి మెట్లు వట్టి కాళ్లతో ఎక్కుతారా అని తప్పక అడిగి, ఉపవాసం నాటి మోతాదును డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలని, నడక అయ్యాక అరికాళ్లు చూసుకోవాలని చెప్పాలి.