పాత కారుకి డిస్కు, టైరు సైజు తేల్చుకోవడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరులో గానీ టైరు షాపు ముందు అంబాసిడర్ ఆపితే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని ఇంచుల డిస్కండీ?" డిస్కు అంటే టైరు ఎక్కే ఇనప చక్రం. పదిహేను అనగానే 195/65 ఆర్15 దొర్లించుకుంటూ తెస్తారు. కొత్త కార్లలో బాగా నడిచే సైజు అది, ఎప్పుడూ స్టాకు ఉంటుంది. డిస్కుకి ఎక్కుతుంది కూడా. కానీ ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. టైరు ఆఖరున తేల్చుకోవాల్సింది. డిస్కు వెడల్పు, కంపెనీ ఇచ్చిన టైరు ఎత్తు, వెనక ఇరుసు మీద పడే బరువు, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే షాపుకి వెళ్లండి.

పాత నంబరు ఏం చెబుతుంది

అంబాసిడర్ అసలు సైజు 5.90-15. ఫియట్ 1100, ప్రీమియర్ పద్మినిలది 5.20-14, స్టాండర్డ్ హెరాల్డ్‌ది 5.20-13, విల్లీస్ జీపుది 6.00-16. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది డిస్కు వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. మధ్యలో గీత ఉంటే మనవాళ్లు నైలాన్ అనే రకం, ఆర్ ఉంటే రేడియల్. ఇందులో ఎత్తు అంకె లేదు. 5.20, 5.60, 5.90 వరుస టైర్లకి పక్క గోడ ఎత్తు వెడల్పులో దాదాపు 95 శాతం ఉంటుంది, లెక్కకి అది పట్టుకుంటే చాలు.

అంబాసిడర్‌కి లెక్క వేద్దాం. 5.90ని 25.4తో గుణిస్తే 150 మి.మీ. వెడల్పు. అందులో 95 శాతం 142. పైనా కిందా రెండు గోడలు కాబట్టి 285. డిస్కు 15 అంగుళాలు, అంటే 381. మొత్తం ఎత్తు 666 మి.మీ. ఇప్పుడు షాపతను తెచ్చిన 195/65 ఆర్15. ఇందులో 195 మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అందులో గోడ ఎత్తు శాతం: 195లో 65 శాతం 126.75, రెండింతలు 253.5, దానికి 381 కలిపితే 634.5. అసలు కంటే 4.7 శాతం తక్కువ. కారు 16 మి.మీ. కిందికి దిగుతుంది. మీటరు అసలు టైరుతో సరిగ్గా చూపించేదైతే, ఇప్పుడు అందులో 80 కనిపించినప్పుడు నిజంగా వెళ్లేది 76. మీటరు సంగతి పోనీయండి, మంగళగిరి దాటాక హైవే మీద ఇంజను అవే 80కి ఇంకాస్త గట్టిగా తిరగాలి. అసలే టాప్ గేరులో రొద చేసే ఇంజన్లు ఇవి. ఎత్తులో తేడా 3 శాతం దాటనివ్వకండి. దాటక తప్పదంటే పెద్ద వైపు కంటే చిన్న వైపు నయం, పెద్ద టైరు మడ్‌గార్డుకి తగులుతుంది.

అదే లెక్కలో 175/80 ఆర్15 ఎత్తు 661, అంటే ఒక్క శాతం కూడా తేడా లేదు. 165/80 ఆర్15 అయితే 645, మూడు శాతం తక్కువ, సరిహద్దు మీద ఉన్నట్టు. బొలేరోకి వచ్చే 215/75 ఆర్15 వేసి కారు ఎత్తు పెంచేవాళ్లున్నారు, అది 703. అయిదున్నర శాతం పైన, పైగా ఆ వెడల్పుకి అంబాసిడర్ డిస్కు చాలదు.

పద్మినిది తేలిక. 5.20-14 లెక్క కడితే 607 వస్తుంది. డిజైర్ కింది మోడళ్లకి వచ్చే 165/80 ఆర్14 ఎత్తు 620, రెండు శాతం ఎక్కువ. 175/70 ఆర్14 ఎత్తు 601, ఒక శాతం తక్కువ. 155/80 ఆర్14 దొరికితే అది 604, దాదాపు అసలే. హెరాల్డ్ వాళ్లకి అదృష్టం ఇంకా బాగుంది: 5.20-13 ఎత్తు 581, ఇప్పటి వ్యాగన్ ఆర్‌కి వచ్చే 155/80 ఆర్13 ఎత్తు 578. ఏ షాపులో అయినా అడగ్గానే ఇస్తారు.

జీపు దగ్గర ఆగి చూసుకోవాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 6.00-16 అని అడిగితే ట్రాక్టరు ముందు టైరు చేతికిచ్చే షాపులే ఎక్కువ. నంబరు ఒకటే, డిస్కుకి చక్కగా కూర్చుంటుంది. గుర్తు పట్టడానికి ట్రెడ్డు, అంటే రోడ్డుకి ఆనే గాళ్ల భాగం, చూడండి: చుట్టూ నిలువుగా మూడు గట్లుంటే అది పొలానిది. గోడ మీద ఏ6 గానీ ఏ8 గానీ ఉంటే అది గంటకి 30, 40 కిలోమీటర్లకి చేసిన టైరు. జీపుకి వేసి అరవైలో పోనిస్తే వేడెక్కి పొరలు విడిపోతాయి. తడి రోడ్డు మీద బ్రేకు పట్టదు కూడా. ఏడీవీ అని ఉన్నది ఎడ్లబండి టైరు, స్వాతంత్ర్యానికి ముందు కార్ల 19 అంగుళాల డిస్కులకి దాన్ని అంటగట్టబోతారు. వద్దనండి.

డిస్కు కొలవడం

పాత డిస్కు మీద సాధారణంగా 4జె, 4½జె అని పోతపోసినట్టు అంకె ఉంటుంది, వాల్వు రంధ్రం దగ్గరో నట్ల పక్కనో. అదే ఇంచుల్లో డిస్కు వెడల్పు. రంగు గీకి చూడండి. లేకపోతే టైరు ఊడదీసి, బీడు (డిస్కుని పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే రెండు గోడల మధ్య లోపలి దూరం కొలవాలి. టేపు బయటి అంచు నుంచి బయటి అంచుకి పెట్టి "అయిదున్నర ఇంచులు" అని రాసుకుంటే తప్పు. బయటి కొలత అసలు వెడల్పు కంటే దాదాపు ఒక ఇంచు ఎక్కువ వస్తుంది.

ఒక్కో టైరు ఎంత వెడల్పు డిస్కుకి పనికొస్తుందో దానికో హద్దుంది. 155/80, 165/80లకి 4 నుంచి 5½ ఇంచులు. 175/70కి 4½ నుంచి 6. 195/65కి 5½ నుంచి 7. షాపతను తెచ్చిన టైరు ఇక్కడే పూర్తిగా తేలిపోతుంది. 4½ ఇంచుల డిస్కులో దాన్ని ఇరికిస్తే బీడులు రెండూ దగ్గరికి నొక్కుకుని గోడలు బయటికి ఉబ్బుతాయి. ట్రెడ్డు మధ్యలో పైకి లేస్తుంది. పదివేల కిలోమీటర్లు తిరగకముందే మధ్య భాగం గుండు అవుతుంది, అంచులు కొత్తగానే ఉంటాయి. మలుపులో కారు ముందు పక్కకి జారినట్టయి, తర్వాత తిరుగుతుంది. చాలామంది దాన్ని కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగే కడ్డీ) అరుగుదల అనుకుని ముందు భాగమంతా విప్పిస్తారు.

పద్మిని డిస్కు మీద 4 అని ఉంటే 175/70 వద్దు, 165/80 గానీ 155/80 గానీ తీసుకోండి. అంబాసిడర్‌కి 4½ డిస్కు మీద 175/80 ఆర్15 మంచిది, 4 మీద 165/80. ఇవి కౌంటరు మీద ఉండేవి కావు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. రెండూ దొరక్కపోతే కొత్తగా తయారైన 5.90-15 నైలాన్ వేసుకోవడమే మేలు, సైజు తప్పిన రేడియల్ కంటే అది నూరుపాళ్లు నయం.

టైరు ఊడిన ఈ సమయంలోనే డిస్కు కూడా చూసేయండి. కారుకి బిగించి జాకీ మీద ఎత్తి తిప్పుతూ, నేల మీద స్టాండుకి కట్టిన తీగ మొనని అంచు దగ్గర పెట్టండి. ఊగిసలాట ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా స్టీరింగ్ వణుకు పోదు. నట్ల రంధ్రాలు కోలగా సాగినా, వాటి చుట్టూ వెంట్రుకవాసి పగులున్నా ఆ డిస్కు పాత ఇనుముకే. వెల్డింగు మాట ఎత్తకండి.

వేరే డిస్కులు వేయాలనుకుంటే

అల్లాయ్‌ల కోసం తిరిగేవాళ్లు నట్ల సంఖ్య చూసి కొనేస్తారు. చూడాల్సినవి నాలుగు. నట్ల వలయం వ్యాసం, అంటే పీసీడీ, మొదటిది. నాలుగు నట్లయితే ఒక రంధ్రం లోపలి అంచు నుంచి ఎదురు రంధ్రం బయటి అంచు వరకు వెర్నియరుతో కొలిస్తే అదే పీసీడీ. అయిదు నట్లయితే ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి 1.701తో గుణించాలి. జీపుకి అలా 82 మి.మీ. చిల్లర వస్తుంది, గుణిస్తే 139.7. ఫియట్ కార్లలో ఎక్కువగా కనిపించేది 98, పాత స్విఫ్ట్, ఐ10లలో 100. ఈ రెండు మిల్లీమీటర్ల తేడాతో డిస్కు ఎక్కేస్తుంది. రెండు నట్లు కూర్చుంటాయి, మిగిలిన రెండు వంకరగా బిగుస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లలో అవి వదులవుతాయి, స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, విరిగేది అప్పుడే.

రెండోది మధ్య రంధ్రం. హబ్బు (డిస్కు బిగించే మధ్య దిమ్మ) మీద వదులుగా ఉంటే లేతు మీద అల్యూమినియం రింగు చేయించుకోవచ్చు. చిన్నదై పట్టకపోతే డిస్కు తరిగించకండి, వేరేది వెతకండి. మూడోది నట్టు కూర్చునే చోటు ఆకారం: శంకువు, గుండు, చదును అని మూడు రకాలు. ఒక రకం నట్టుని ఇంకో రకం గుంటలో బిగిస్తే సన్నని గీత మీదే ఆనుతుంది, ఎంత బిగించినా నిలవదు. అల్లాయ్ మందంగా ఉంటుంది కాబట్టి మర లోపలికి ఎంత దిగుతుందో లెక్కపెట్టండి. 12 మి.మీ. బోల్టు కనీసం 12 మి.మీ. దిగాలి, 1.5 పిచ్ మరకి అది ఎనిమిది చుట్లు.

నాలుగోది ఆఫ్‌సెట్, అంటే హబ్బుకి ఆనే ముఖం డిస్కు మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉందో. డిస్కుని బోర్లా పడుకోబెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఇనప స్కేలు పెట్టండి. స్కేలు నుంచి హబ్బుకి ఆనే ముఖం వరకు లోతు కొలవండి. అందులోంచి డిస్కు బయటి అంచుల మధ్య మొత్తం వెడల్పులో సగం తీసేస్తే ఆఫ్‌సెట్. లోతు 95, మొత్తం వెడల్పు 140 అనుకుంటే 95లోంచి 70 పోగా 25. పాత డిస్కుదీ కొత్తదానిదీ ఇలాగే కొలిచి పోల్చండి. అయిదారు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే ముందు చక్రాల బేరింగుల మీద, కింగ్‌పిన్ల మీద భారం మారుతుంది. పవర్ స్టీరింగ్ లేని కారులో ఆ తేడా నేరుగా మీ భుజాలకి తెలుస్తుంది. హబ్బుకీ డిస్కుకీ మధ్య స్పేసర్లు అనే బిళ్లలు పెట్టి సరిచేయడం అంటే స్టడ్డులో మర తగ్గించుకోవడమే.

డిస్కుని కోసి పట్టీ వేసి వెడల్పు చేసిపెడతామని ఆటోనగర్‌లో చెప్పేవాళ్లుంటారు. పట్టీ ఒక పక్కే వేస్తారు కాబట్టి ఒక ఇంచు పెంచితే మధ్య గీత అర ఇంచు, దాదాపు 13 మి.మీ. పక్కకి పోతుంది. బీడు కూర్చునే వాలు అన్ని చోట్లా ఒకేలా రాదు. ట్రాలీకైతే నడుస్తుంది, కుటుంబం ఎక్కే కారుకి వద్దు.

మడ్‌గార్డు, కాటా

అట్టపెట్టె కోసి కొత్త టైరు ఎత్తుకి సరిపడే వ్యాసంతో గుండ్రటి చక్రం చేసుకోండి, ముందు హబ్బు దగ్గర పెట్టి స్టీరింగ్ రెండు వైపులా ఫుల్ కటింగ్ చేసి చూడండి. టై రాడ్డుకి (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ), మడ్‌గార్డు వెనక మూలకి కనీసం ఒక వేలు సందుండాలి. వెనక ఇంకో చిక్కుంది. మడ్‌గార్డు కిందికి దిగి ఉండే కార్లలో గాలి లేని టైరు లోపలికి దూరుతుంది, గాలి కొట్టాక బయటికి రాదు. ఇంటి దగ్గర ఎవరికీ తెలియదు, రోడ్డు మీద పంక్చరైతే స్టెప్నీ లోపలికి ఎక్కదు. అందుకే బిగించే రోజే పూర్తి గాలితో ఒకసారి తీసి పెట్టించండి. స్టెప్నీ దాని గుంటలో పడుతుందో లేదో కూడా అప్పుడే చూడండి.

బరువుకి లారీ కాటా ఉంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, ఆటోనగర్‌లో కాటాలకి కొదవ లేదు. అయిదుగురు, సామాను ఉండగా వెనక చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూకం వేయించండి. వచ్చినదాన్ని సగం చేయండి. వెనక ఇరుసు మీద 850 పడితే టైరుకి 425 కిలోలు. టైరు మీది లోడ్ అంకె 75 అంటే 387 కిలోలు, 78 అంటే 425, 82 అంటే 475. కాబట్టి ఇక్కడ 82 తీసుకోవాలి, 78 అంచు మీద ఉంటుంది. వేగం అక్షరం ఎస్ అంటే 180, టి అంటే 190. ఈ కార్లకి రెండూ ఎక్కువే.

ట్యూబు, గాలి

పాత డిస్కుకి టైరు లోపలి వైపు జారకుండా ఆపే గట్టు ఉండదు, కొన్నిటికి రివెట్ల దగ్గర గాలి కారుతుంది. ట్యూబ్‌లెస్ టైరు కొన్నా లోపల ట్యూబు వేయించండి, రేడియల్ అని రాసి ఉన్న ట్యూబే. టైరు లోపల అంటించిన కాగితం స్టిక్కర్లు పీకేసి, పౌడరు చల్లాలి. లేకపోతే ఆ అంచే ట్యూబుని కొరుకుతుంది. వాల్వు రంధ్రం 16 మి.మీ. దగ్గరుంటే టీఆర్15 వాల్వు ట్యూబు, 11.5 ఉంటే టీఆర్13. పెద్ద రంధ్రంలో చిన్న వాల్వు పెడితే అది వాలి మొదలు దగ్గర తెగుతుంది.

నైలాన్, రేడియల్ ఒకే ఇరుసు మీద కలపకూడదు. రెండే రేడియల్స్ కొంటే అవి వెనక్కే. ముందు రేడియల్, వెనక నైలాన్ వేస్తే తడి మలుపులో వెనక భాగం ముందుకి తిరిగిపోతుంది. ఇక తయారీ తేదీ: గోడ మీద నాలుగు అంకెలు 2324 అంటే 2024లో 23వ వారం. మన ఎండలకి, గోడౌన్లో మూడేళ్లు పడున్న టైరుకి కొత్త ధర ఇవ్వకండి. రీబటన్ టైరు, అంటే అరిగిన టైరుకి కొత్త ట్రెడ్డు అతికించింది, ముందు చక్రాలకి అసలు వద్దు.

పాత పుస్తకంలో గాలి 24, 26 పీఎస్ఐ అని ఉంటుంది, అది నైలాన్‌కి చెప్పింది. రేడియల్ అయితే 28తో మొదలుపెట్టి, అయిదారు వందల కిలోమీటర్ల తర్వాత ట్రెడ్డు చూసి మార్చుకోండి: అంచులు ముందు అరిగితే రెండు పెంచాలి, మధ్య అరిగితే రెండు తగ్గించాలి. పొద్దున్నే, బండి కదలకముందు కొలవండి. మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి వచ్చి ఆపిన కారు టైరులో నాలుగయిదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువతో బయల్దేరినట్టే. బిగించాక నట్లు ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి స్పానర్ వేయండి, కొత్తగా రంగు వేసిన డిస్కులైతే యాభైకే.