థార్ మొక్కల సారం ప్లేటు మీద పెట్టే ముందు

ఎడారి మందుమొక్కల సారం బ్యాక్టీరియాని ఆపుతుందా అని చూసే ప్రాజెక్టు చేయడానికి రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ వైపు బయల్దేరే మైక్రోబయాలజీ పిల్లలకి బ్యాక్టీరియా అంటేనే టెన్షన్. నిజానికి దానికంటే ముందు ఇబ్బంది పెట్టేవి జిల్లేడు పాలు, ఆ తర్వాత సారం తీయడానికి ద్రావణిగా వాడే మిథనాల్.

ముందు ఎండ సంగతి. 2016 మే 19న అక్కడి ఫలోదిలో 51 డిగ్రీలు నమోదైంది. మొక్కలు తెచ్చుకోవడానికి వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరు నయం. వేసవి తప్పదంటే పొద్దున తొమ్మిదిలోపు పని ముగించుకోండి. బూట్లు వేసుకోండి, పొద కింద చెయ్యి పెట్టకండి. ఇసుక రంగులో కలిసిపోయే చిన్న విషపాములుంటాయి.

జిల్లేడుని అక్కడ ఆక్ అంటారు. ఆకు తుంచితే పాలు చిమ్ముతాయి. చెమట పట్టిందని అదే చేత్తో కళ్లు తుడుచుకుంటే అంతే! మోసం ఏమిటంటే, పెద్దగా నొప్పి లేకుండానే కొన్ని గంటలకి చూపు మసకబారవచ్చు. కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా, ఉబ్బుతుంది. కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు రెండూ ఉండాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు తగ్గకుండా నీళ్లతో కడిగి, బాగానే ఉందనిపించినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కనిపించినదల్లా కోయడం కుదరదు. గుగ్గులు మొక్క అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల్లో ఉంది, దాని బెరడుకి గాటు పెట్టకండి. ఖేజ్రీ అంటే మన దసరా జమ్మే. 1730లో ఖేజడ్లీ ఊళ్లో ఆ చెట్లు కొట్టనివ్వకుండా 363 మంది బిష్ణోయీ సమాజంవాళ్లు ప్రాణాలిచ్చారు. అక్కడ అడగకుండా కొమ్మ విరిస్తే ఊరుకుంటారా? కోసిన ప్రతి మొక్కకీ పూవుతో సహా ఒక నమూనా ఒత్తి ఆరబెట్టి, జోధ్‌పూర్‌లోని బొటానికల్ సర్వే కేంద్రంలో పేరు ఖాయం చేయించుకోండి. జిల్లేడులోనే రెండు జాతులున్నాయి మరి.

ఇక ల్యాబ్. మిథనాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, దాని మంట వెలుతురులో సరిగా కనబడదు కూడా. స్పిరిట్ ల్యాంప్ వెలిగిన టేబుల్ మీద ఆ సీసా మూత తియ్యకండి. సారం తీసే పని ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే.

నా మొదటి ప్లేటు గురించి చెప్పాలి. ప్లేటులోని అగార్ జెల్లీ మీద బ్యాక్టీరియా పూసి, సారంలో తడిపిన కాగితపు డిస్క్ అంటిస్తాం. దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయమే జోన్. స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా మీద ఆక్ సారం 14 మిల్లీమీటర్ల జోన్ ఇచ్చింది, గుండ్రంగా, గీసినట్టు. ఫోటో తీసి ఇంటికి కూడా పంపేశాను. మా సీనియర్ "ఉత్త మిథనాల్ డిస్క్ ఏదిరా?" అన్నాడు. పెట్టలేదు. మర్నాడు పెడితే దానికీ 13 వచ్చింది! డిస్కులు ఆరకముందే అంటించానన్నమాట, చంపింది మిథనాల్. అందుకే ప్రతి ప్లేటు మీదా ఉత్త ద్రావణి డిస్క్ ఒకటి, తెలిసిన యాంటీబయోటిక్ డిస్క్ ఒకటి ఉండి తీరాలి. సారాన్ని కూడా ఉత్త అగార్ మీద గీసి చూడండి. ఎడారి దుమ్ములో బాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటి మొండి రూపాలు) ఉంటాయి, ఒక్కోసారి సారంలోంచే కాలనీలు లేస్తాయి.

మిగతావి మామూలే. అగార్ మందం 4 మిల్లీమీటర్లు, బ్యాక్టీరియా కలిపిన ద్రవం మసక 0.5 మెక్‌ఫార్లాండ్ (మసకని పోల్చి చూసే కొలత), కలిపిన పదిహేను నిమిషాల్లో ప్లేటు మీద పూయాలి. కొత్తవాళ్లు ఆసుపత్రి నుంచి తెచ్చిన మొండి బ్యాక్టీరియా జోలికి వెళ్లకుండా ప్రామాణిక స్ట్రెయిన్లతో మొదలెట్టడం మేలు. రెండు సారాల జోన్లు పక్కపక్కన పెట్టి పెద్దదే గొప్పది అనకండి. అగార్‌లో బాగా పాకేది పెద్ద జోన్ ఇస్తుంది, జిడ్డు సారం పాకదు. పోల్చాలంటే ఎమ్ఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు, చూడాల్సిందే.

జోన్ వచ్చింది కదా అని సారం నాలిక మీద వేసుకునే వీరులు కూడా ఉంటారు. చేదుపుచ్చ కాయ చిన్న పుచ్చకాయలా ముద్దుగా ఉంటుంది గానీ, దాని గుజ్జు రక్తవిరేచనాలు పట్టించగలదు.

జోన్లు కొలిచేసిన ప్లేట్లు మూత తీయకుండా సంచిలో కట్టి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపాకే, పారేయండి. రాత్రి ఆలస్యమైందని సింకు పక్కన పెట్టేసి వెళ్తే, పొద్దున్నే వాటిని ఎత్తేది ఊడ్చే ఆవిడే, ఉత్త చేతులతో.