పాత రోడ్డు వాలునే పొడిగించి వైడెనింగ్ చేస్తున్నారా? ఇది చూసుకోండి

సివిల్ 3డీ అనే రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చాలామంది కొత్త లేన్‌కి నేరుగా 2.5 శాతం వాలు ఇచ్చేస్తారు. పాత రోడ్డు వాలు ప్రతి సెక్షన్‌లో (అడ్డకోతలో) మారుతుంటుంది కాబట్టి, కలిసే చోట చిన్న గాడి పడి వానాకాలంలో నీళ్లు అక్కడే నిలుస్తాయి. దయచేసి అలా చేయకండి.

ఓవర్‌లే వైడెన్ మ్యాచ్ స్లోప్ సబ్ అసెంబ్లీలు (రోడ్డు అడ్డకోతలో వాడే రెడీమేడ్ భాగాలు) ఉన్నది దీనికే, పాత సర్ఫేస్ (సర్వే పాయింట్లను త్రిభుజాలుగా కలిపి చేసిన పాత రోడ్డు నమూనా) నుంచి వాలు తీసుకుని బయటికి పొడిగిస్తాయి. అయితే వాలు ఏ రెండు పాయింట్ల నుంచి తీస్తున్నామన్నదే అసలు సంగతి. తారు అంచు ఎప్పుడూ అరిగి, విరిగి ఉంటుంది, అందుకే అంచు నుంచి అర మీటరు లోపల ఒక పాయింటు, ఇంకో రెండు మీటర్లు లోపల రెండోది తీసుకోండి. లోపలి పాయింటు ఎత్తు 102.395 మీటర్లు, బయటిది 102.345 అయితే తేడా 50 మిల్లీమీటర్లు, అంటే 2.5 శాతం. అదే పాయింట్లు అర మీటరు దూరంలోనే ఉంటే, సర్వేలో 10 మిల్లీమీటర్ల పొరపాటు చాలు, వాలు ఏకంగా 2 శాతం తప్పుతుంది! రెండు మీటర్ల దూరంలో అదే పొరపాటు అర శాతమే.

ఇంకోటి, సర్ఫేస్‌లో క్రౌన్‌కీ (రోడ్డు మధ్య ఎత్తైన గీతకీ) తారు అంచుకీ బ్రేక్‌లైన్లు (త్రిభుజాలు దాటకూడని గీతలు) ఉన్నాయో లేదో ముందే చూడండి, లేకపోతే త్రిభుజాలు అంచు దాటి పక్కనున్న మట్టి షోల్డర్ మీదికి వెళ్లి వాలు మొత్తం అబద్ధం చెబుతుంది. కారిడార్ (రోడ్డు పొడవునా 3డీ నమూనా) కట్టాక సెక్షన్లలో వాలు లేబుళ్లు పెట్టి వరసగా చూడండి, పక్క సెక్షన్లతో పొంతన లేని అంకె కనిపిస్తే అక్కడ సర్వే పాయింట్లు మళ్లీ చూడాల్సిందే.