చేతిలో డబ్బాడని రోజుల్లో పాత బండి అమ్మడం ఎలా?

అనంతపురం వైపు సెకండ్ హ్యాండ్ టూవీలర్ బండ్ల బేరాలు వానను బట్టి నడుస్తాయి. జూన్, జూలైలో శెనక్కాయ విత్తనం పడి, నవంబరుకల్లా కాయలమ్మిన డబ్బు ఇంటికొస్తే సంక్రాంతి దాకా కన్సల్టెన్సీల (పాత బండ్లు కొని అమ్మే షాపుల) వాళ్లకు తీరికుండదు. వాన మొహం చాటేసిన ఏడాది అవే షాపుల ముందు బండ్లు వరసగా దుమ్ముకొట్టుకుని నిలబడి ఉంటాయి.

అలాంటప్పుడు బండి అమ్మాల్సి వస్తే చాలామంది ముందు రేటు తగ్గిస్తారు. నా లెక్కలో అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు కొత్త బండి కొందామనుకున్నవాడు పాతదానికి దిగుతాడు. కాబట్టి కొనేవాళ్లు ఉంటారు, కాకపోతే భయపడుతూ ఉంటారు. ఉన్నదంతా బండికి పెట్టేశాక వచ్చే నెల ఇంజన్ పని పడితే డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి, కాగితాల్లో తేడా వస్తే ఎవరి చుట్టూ తిరగాలి అన్నదే వాళ్ల టెన్షన్. ఆ టెన్షన్ తీర్చే బండి ముందు పోతుంది.

మొదట కాగితాలు

బండి కడగడానికి ముందే ఫోన్లో ఎంపరివాహన్ యాప్ తెరిచి మీ ఆర్‌సీ వివరాలు చూడండి. ఈఎంఐలన్నీ కట్టేసి ఏళ్లయినా, హైపోథికేషన్ (అప్పుకు తాకట్టు) అన్నచోట ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోవడం మన దగ్గర మామూలే. అది ఉన్నంతకాలం ఫైనాన్స్ వాళ్ల అనుమతి లేకుండా బండి ఇంకొకరి పేరు మీదికి మారదు. ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), వాళ్లు సంతకం పెట్టిన ఫారం 35 తీసుకుని ఆ పేరు తీయించాలి. కంపెనీ బ్రాంచి ఊళ్లో ఎత్తేసి ఉంటే దీనికే వారాలు పడుతుంది, అందుకే ముందు మొదలుపెట్టమంటున్నా.

ఆర్‌సీలో ఉన్న ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అని చూసుకోండి. ఓటీపీలు దానికే వస్తాయి. పాత సిమ్ము పోగొట్టుకున్నవాళ్లు ముందుగా నంబరు మార్పించుకోవాలి. పెండింగ్ చలాన్లు ఉంటే కట్టేయండి. బేరం కుదిరాక కొనేవాడి ముందు అవి బయటపడితే, మూడు వందల చలానా చూపించి మూడు వేలు తగ్గించమంటాడు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులో ఉండాలి. బండికి 15 ఏళ్లు దాటుతుంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి అమ్మండి, అది ఇంకో 5 ఏళ్లకు వస్తుంది.

బండి చనిపోయిన నాన్న పేరు మీదో, తాత పేరు మీదో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటిది నేరుగా బయటివాళ్లకు అమ్మకూడదు. ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. బెంగళూరులో పనిచేసి తెచ్చుకున్న కేఏ నంబరు బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చును కొనేవాడు రేటులోంచి తీసేస్తాడు. దాని మీద వాదన పెట్టుకోవద్దు, అతను అడిగేది న్యాయమే.

ఏం బాగు చేయించాలి, ఏం వదిలేయాలి

పెయింటు జోలికి పోవద్దు. ట్యాంకుకు కొత్త పెయింటు కనబడితే "ఎక్కడ పడేశావన్నా?" అన్నది మొదటి ప్రశ్నవుతుంది. చిన్న గీతలు అట్లే ఉంచండి.

డబ్బు పెట్టాల్సింది తొక్కగానే తెలిసిపోయేవాటికి. సెల్ఫ్ పడకపోతే బ్యాటరీ, చప్పుడు చేస్తుంటే చైన్ సెట్, పట్టకపోతే బ్రేక్ షూలు, ఆయిల్ మార్పిడి, వాటర్ సర్వీసింగ్. ఇంజన్ బోరు పని చేయించి అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఉన్న సంగతి చెప్పి దానికి తగ్గట్టు రేటు తగ్గించుకోవడం మేలు. చేయించిన పనులకు బిల్లులు దాచిపెట్టండి. ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు మీద తేదీ చూపించే అమ్మకందారుణ్ని మన దగ్గర ఎవరూ చూసి ఉండరు, అందుకే అది పనిచేస్తుంది.

రేటు ఎలా కట్టాలి

మీరు కొన్నప్పటి ధర పక్కన పెట్టేయండి. కొనేవాడు పోల్చుకునేది ఈరోజు షోరూం రేటుతోనే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ తగ్గింపు మొత్తం కొనేవాళ్లకు అందితే షోరూం ధర దాదాపు 8 శాతం తగ్గినట్టు. కొత్తది తగ్గితే పాతది ఆగదు, అంతకుముందు మీ స్నేహితుడు అమ్మిన రేటు ఇప్పుడు మీకు పలకదు.

మీ మోడల్, మీ సంవత్సరం బండికి ఓఎల్ఎక్స్‌లో ఎంత చెబుతున్నారో చూడండి. అవి అడిగే రేట్లే, అమ్ముడుపోయే రేట్లు కావు. నెలలుగా అక్కడే ఉన్న ప్రకటన అంటే ఆ రేటుకు ఎవరూ కొనలేదనే లెక్క. తర్వాత రెండు కన్సల్టెన్సీలకు వెళ్లి "ఎంతకు తీసుకుంటారు?" అని అడగండి. వాళ్లు లాభం చూసుకుని చెప్పే ఆ మాట మీకు కనీస రేటు, ఇంటి దగ్గర నేరుగా అమ్మితే దానికంటే నాలుగు రాళ్లు ఎక్కువే రావాలి. బేరం లేకుండా మన దగ్గర బండి కదలదు కాబట్టి, మనసులో 45 వేలుంటే 49 చెప్పండి. 60 చెబితే ఫోన్లే రావు.

మన ప్రాంతంలో బండి వయసు నంబరు ప్లేటే చెప్పేస్తుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ39 సిరీస్ వచ్చింది, అంతకుముందు అనంతపురం బండి అంటే ఏపీ02. ఏపీ02 చూడగానే కొనేవాడు మనసులో లెక్కేసుకుంటాడు. సంవత్సరాన్ని దాచిపెట్టి లాభం లేదు.

ఎవరికి, ఎప్పుడు

డబ్బు లేని కాలంలో కూడా ఆగకుండా పోయేవి మైలేజీ బండ్లు. టీవీఎస్ ఎక్సెల్, స్ప్లెండర్, ప్లాటినా లాంటివైతే ప్రకటన కూడా అక్కర్లేదు. మీరు సర్వీసింగ్ చేయించే మెకానిక్ షెడ్డులో, పాలు పోసే ఆయన దగ్గర ఒక మాట వేస్తే చాలు. మెకానిక్ ద్వారా బేరం కుదిరితే అతనికి ఏమిచ్చేదీ ముందే మాట్లాడుకోండి. డ్యూక్, పెద్ద పల్సర్ లాంటివి గడ్డుకాలంలో ఊళ్లల్లో కదలవు. వాటిని జేఎన్టీయూ, ఎస్కే యూనివర్సిటీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. షోరూం ఎక్స్ఛేంజిలో డబ్బు తక్కువొస్తుంది, తలనొప్పి తగ్గుతుంది. కొత్త బండి ఎలాగూ తీసుకుంటున్నవాళ్లు మాత్రమే అటు చూడొచ్చు.

ఫొటోలు పొద్దున ఎండ పడకముందు, ఇంటి గోడ ముందు తీయండి. రెండు వైపులా, మీటరు రీడింగు, టైర్లు, గీత పడ్డచోటు కూడా ఉండాలి. "షోరూం కండీషన్" అని అందరూ రాస్తారు, ఎవరూ నమ్మరు. "2020 మోడల్, సింగిల్ ఓనర్, ఫైనాన్స్ లేదు, వెనక టైరు మార్చాలి" అని రాసినదానికి నిజంగా కొనేవాళ్లు ఫోన్ చేస్తారు.

తేదీల సంగతి కూడా చూసుకోవాలి. ఆషాఢంలో, మూఢంలో బండి ఇంటికి తెచ్చుకోరు. శుక్రవారం మీ ఇంట్లోవాళ్లే ఇవ్వనివ్వరు, మంగళవారం అవతలివాళ్లు తీసుకోరు. నమ్మకం మీకు లేకపోయినా కొనేవాడికి ఉంటుంది, వాళ్ల పంచాంగం ప్రకారమే పోనివ్వండి. ఇంకొకటి, డిసెంబరులో అమ్మితే బండి వయసు ఒక లెక్క, జనవరి దాటితే ఒక ఏడాది ఎక్కువ లెక్క. అమ్మాలని నిర్ణయించుకున్నాక సంక్రాంతి తర్వాత చూద్దాంలే అని ఆపడం దండగ.

బండి చూడ్డానికి వచ్చినప్పుడు

కొనేవాడు ఒక్కడే రాడు, వెంట ఒక మెకానిక్ వస్తాడు. ఆ మెకానిక్ మొదట ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. వేడిగా ఉంటే, స్టార్టింగ్ ప్రాబ్లం ఉంది కాబట్టి ముందే నడిపి పెట్టారనుకుంటాడు. బండిని చల్లగానే ఉంచండి. తర్వాత సైలెన్సర్ నోట్లో వేలు పెట్టి తిప్పుతాడు. వేలికి పొడి మసి అంటితే సరే, జిడ్డుగా నల్లగా అంటితే ఆయిల్ కాలుతోందన్నమాట. వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు, ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ తిప్పి కోన్‌సెట్ (హ్యాండిల్ బేరింగులు) చూస్తాడు. ఇవన్నీ ముందురోజు మీ మెకానిక్‌తో మీరే చేయించుకుంటే అక్కడ నీళ్లు నమలాల్సిన పని ఉండదు.

ట్రయల్‌కు ఇచ్చేటప్పుడు వెనక మీరు కూర్చోండి, లేదా అతను వచ్చిన బండి తాళం, లైసెన్సు మీ దగ్గర పెట్టుకోండి. తెలియనివాళ్లకు ఉత్త చేతులతో బండి ఇచ్చి, సందు మలుపు దాకా చూసి, ఇక ఎదురు చూస్తూనే ఉన్నవాళ్లున్నారు.

"అన్నా, ఎంతకిస్తావో ఒకటే మాట చెప్పు" అని అతనంటే వెంటనే చివరి రేటు చెప్పొద్దు. "నువ్వు చూశావు కదా తమ్ముడూ, నువ్వెంత అనుకుంటున్నావో చెప్పు" అనండి. ముందు నోరు విప్పినవాడికి నష్టం. బండిలో ఏదైనా లోపం చూపిస్తే దానికి షెడ్డులో ఎంతవుతుందో కనుక్కుని ఆ మేరకే తగ్గించండి. వాయిదాల్లో ఇస్తానంటే దగ్గరి చుట్టమైనా వద్దనండి, ముఖ్యంగా గడ్డుకాలంలో. మొహమాటానికి పోతే బండీ పోతుంది, చుట్టరికమూ పోతుంది.

ఓఎల్ఎక్స్‌లో పెట్టగానే బండి చూడకుండానే "నేను ఆర్మీలో ఉన్నా, డబ్బు ఇప్పుడే వేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అనే ఫోన్లు వస్తాయి. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేరుగా వచ్చిన కొనుగోలుదారు ఫోన్‌పే స్క్రీన్ చూపించినా సరే, మీ బ్యాంకు బ్యాలెన్సు చూసుకున్నాకే తాళం చేతికివ్వండి.

పేరు మార్పు

ఇక్కడే మనవాళ్లు బోల్తా పడేది. స్టాంపు పేపరు మీద రాయించుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, "వాడే మార్పించుకుంటాడులే" అని వదిలేస్తారు. బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది, పేరు మాత్రం మీదే ఉంటుంది. అమ్మేసిన కారు చేతులు మారి యాక్సిడెంట్ అయిన ఒక కేసులో 2018లో సుప్రీంకోర్టు, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్లదేనని చెప్పింది. స్టాంపు పేపరు అప్పుడు మిమ్మల్ని కాపాడదు.

చట్టం ప్రకారం రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో మీరు ఆర్టీఓకు తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. దానికి కావాల్సినవి ఫారం 29 (అమ్మినట్టు తెలిపేది), ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు), ఇద్దరి ఆధార్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. పరివాహన్ వెబ్‌సైట్లో దరఖాస్తు చేసి ఫీజు కట్టవచ్చు. అడ్వాన్సు తీసుకునే రోజే "ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ పెట్టాకే బండి ఇస్తా" అని తేల్చి చెప్పండి. ట్రాన్స్‌ఫర్ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడుకోండి. అవసరమైతే ఆ ఫీజు మీరే పెట్టుకోండి, దండగ కాదు. కన్సల్టెన్సీకి అమ్మినా ఇదే పద్ధతి. వాళ్లు కొనేవాడు దొరికేదాకా మీ పేరు మీదే ఉంచుతామంటారు, కనీసం తీసుకున్న తేదీ, టైము రాసిన డెలివరీ నోటు సంతకంతో తీసుకోండి.

రాయదుర్గం వైపు నుంచి బళ్లారి వాళ్లకు, హిందూపురం, పెనుకొండ వైపు పావగడ వాళ్లకు అమ్మడం మామూలే. అటు వెళ్లే బండికి ఫారం 28 మీద ఎన్ఓసీ కావాలి. అది చేతికొచ్చాకే బండి సరిహద్దు దాటాలి.

బండి ఇచ్చే ముందు డిక్కీలో, సైడు డబ్బాలో ఉన్న పాత కాగితాలు తీసేసుకోండి, రెండో తాళం ఇచ్చేయండి. కొన్ని వారాల తర్వాత ఎంపరివాహన్‌లో అదే నంబరు కొట్టి పేరు మారిందో లేదో చూడండి. మారాక ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) సర్టిఫికెట్ అడగండి. ఆ బోనస్ బండితో పాటు పోదు, మీదే. మూడేళ్ల లోపు ఇంకో బండి తీసుకుంటే దాని ప్రీమియంలో తగ్గించుకోవచ్చు.