కుర్ర డిఫెన్స్‌మన్‌ని ఇచ్చేసిన చిన్న ట్రేడ్: తూకం వేయడం ఎలా

ఇరవై రెండేళ్ల డిఫెన్స్‌మన్‌ని (గోల్ కాపాడే వెనక వరస ఆటగాణ్ణి) మూడో రౌండ్ పిక్‌కి (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో విడత అవకాశానికి) ఇచ్చేశారన్న వార్త రాగానే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ అభిమానులు రెండుగా చీలిపోతారు. "బంగారం లాంటి కుర్రాణ్ణి పారేసుకున్నారు" అని ఒక వర్గం. "ఏడో నంబరు డిఫెన్స్‌మన్‌కి ఇంకేం వస్తుంది" అని రెండో వర్గం. ఇద్దరూ ఆటగాడి గురించే మాట్లాడుతుంటారు. కానీ ఇలాంటి ట్రేడ్ చాలాసార్లు జరిగేది అతని ఆట వల్ల కాదు, అతని మీద నడుస్తున్న గడువు వల్ల. అందుకే వీడియో క్లిప్పులు చూడకముందే క్యాలెండర్ చూడాలి.

ముందు వేవర్స్ లెక్క తీయండి

ఆటగాణ్ణి కింది స్థాయి లీగ్ ఏహెచ్‌ఎల్‌కి పంపాలంటే మామూలుగా 24 గంటలు వేవర్స్ మీద పెట్టాలి. ఆలోగా మిగతా 31 జట్లలో ఏదైనా సరే, బదులుగా ఏమీ ఇవ్వకుండానే అతన్ని తీసుకోవచ్చు. కొత్తగా సంతకం చేసినవాళ్లకి కొంతకాలం దీన్నుంచి మినహాయింపు ఉంటుంది. స్కేటర్ (గోలీ, అంటే గోల్‌కీపర్, కాని ఆటగాడు) 18 ఏళ్లకి సంతకం చేస్తే 5 సీజన్లు లేదా 160 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు, ఏది ముందొస్తే అంతవరకు. 20 ఏళ్లకి చేస్తే 3 సీజన్లు లేదా 160 మ్యాచ్‌లు. 21 ఏళ్లకైతే 3 సీజన్లు లేదా 80 మ్యాచ్‌లు, 22కి 3 లేదా 70, 23కి 3 లేదా 60. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒక సీజన్‌లో 11 మ్యాచ్‌లు ఆడేశాడంటే ఆ సీజన్‌తో కలిపి మూడేళ్లకే మినహాయింపు అయిపోతుంది. చాలామంది మర్చిపోయేది ఈ నిబంధననే. (ఇక్కడి అంకెలన్నీ 2025–26 సీజన్ వరకు నడిచిన లీగ్–ఆటగాళ్ల సంఘం ఒప్పందంలోవి. 2026 సెప్టెంబరులో కొత్త ఒప్పందం మొదలవుతుంది కాబట్టి ఆ తర్వాతి ట్రేడ్లకి సరిచూసుకోండి.)

ఇప్పుడు జట్టు జాబితా పక్కన పెట్టుకోండి. గరిష్ఠంగా 23 మంది. మ్యాచ్‌కి దిగేది ఆరుగురు డిఫెన్స్‌మన్లు, అదనంగా ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఏడో, ఎనిమిదో స్థానాలు కూడా నిండిపోయి, కుర్రాడి మినహాయింపు ఈ అక్టోబరుతో తీరిపోతుంటే మేనేజర్ చేతిలో మూడే దారులు: ఎవరినో ఒకరిని వేవర్స్ మీద పెట్టడం, గాయాల కోసం ఎదురుచూడటం, వచ్చిన ధరకి అమ్మేయడం. ఎదుటి జట్లకీ క్యాలెండర్ చదవడం వచ్చు. ఊరికే దొరికే అవకాశం ఉన్నవాడికి రెండో రౌండ్ పిక్ ఎవరిస్తారు? కాబట్టి సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో జరిగిన ట్రేడ్‌లో పలికిన ధర ఆటగాడి సత్తాకి కొలత కాదు. తిట్టాలనుకుంటే మేనేజర్‌ని తిట్టాల్సింది జూన్‌లో అమ్మనందుకు.

తర్వాత ఒప్పందం

మొదటి ఒప్పందం 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం చేసినవాళ్లకి మూడేళ్లు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాడు ఆ సీజన్‌లో పదికంటే తక్కువ ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడితే ఒప్పందం ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. ఇది ముగిసినా హక్కులు జట్టుకే ఉంటాయి, జూన్ చివరికి క్వాలిఫైయింగ్ ఆఫర్ (హక్కులు నిలుపుకోవడానికి ఇచ్చే కొత్త ఒప్పంద ప్రతిపాదన) ఇస్తే చాలు. మామూలుగా 27 ఏళ్లో, ఏడు సీజన్లో నిండేదాకా అతను స్వేచ్ఛగా వెళ్లిపోలేడు. ట్రేడ్‌లో కొంటున్నది ఈ ఏళ్లనే. 22 ఏళ్లవాడికి నాలుగైదేళ్ల నియంత్రణ మిగిలి ఉంటే, 25 ఏళ్లవాడికి రెండేళ్లే.

ఇందులో ఒక గుంట ఉంది. పాతికేళ్లు నిండి, మూడు ప్రొఫెషనల్ సీజన్లు గడిచి, ఒప్పందం ముగిసేసరికి 80 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు కూడా ఆడనివాడు ఎవరితోనైనా చేరిపోవచ్చు. గ్రూప్ సిక్స్ అంటారు దాన్ని. ఇరవై నాలుగేళ్ల ఏహెచ్‌ఎల్ డిఫెన్స్‌మన్‌ని వసంతకాలంలో ఆరో రౌండ్ పిక్‌కి ఇచ్చేశారంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాల మీద పరిమితి) ఒత్తిడి కూడా ఇలాగే పనిచేస్తుంది. 2020 అక్టోబరులో న్యూయార్క్ ఐలాండర్స్ డెవన్ టేవ్స్‌ని రెండు రెండో రౌండ్ పిక్‌లకే కొలరాడోకి ఇచ్చింది. క్యాప్ 8.15 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయిన రోజులవి. టేవ్స్‌కి కొత్త ఒప్పందం ఇవ్వాలి, డబ్బు లేదు. 2022లో అతను కొలరాడోతో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఎత్తాడు. ఐలాండర్స్‌కి అతని విలువ తెలియకపోవడం కాదు, బేరమాడే బలం లేకపోవడం అక్కడి సమస్య.

ఆట చదవడం: ఎక్కువ తప్పులు ఇక్కడే

గోల్స్ లెక్కతో మొదలుపెట్టకండి. డిఫెన్స్‌మన్లు జోడీలుగా దిగుతారు. మూడో జోడీ కుర్రాడు 30 మ్యాచ్‌లు ఆడి, ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు మ్యాచ్‌కి 14 నిమిషాలు మంచు మీద ఉన్నాడనుకుందాం. మొత్తం 420 నిమిషాలు, అంటే ఏడు గంటలు. గంటకి ఒక్కో జట్టు సుమారు రెండున్నర గోల్స్ కొడుతుంది కాబట్టి అతను ఉన్నప్పుడు అటు పదిహేడు, ఇటు పదిహేడు. వెనకున్న గోలీ నాలుగు చెత్త గోల్స్ ఇచ్చాడంటే అది 17–21 అవుతుంది, కుర్రాడు పనికిరానివాడని ముద్ర పడుతుంది. ప్లస్–మైనస్ (అతను మంచు మీద ఉన్నప్పుడు జట్టు కొట్టిన, ఇచ్చిన గోల్స్ తేడా) పట్టుకుని వాదించేవాళ్లతో ఈ ఒక్క లెక్క వేయించండి. అదే ఏడు గంటల్లో ఒక్కో వైపు షాట్ ప్రయత్నాలు నాలుగు వందల దాకా ఉంటాయి. వాటి నిష్పత్తినే కాస్త నమ్మొచ్చు. పీడీఓ కూడా చూడండి. అతను మంచు మీద ఉన్నప్పటి జట్టు షూటింగ్ శాతం, గోలీ సేవ్ శాతం కలిపితే వచ్చే అంకె అది. 100కి బాగా కింద ఉంటే దురదృష్టమో గోలీయో కారణం కావచ్చు. బాగా పైన ఉంటే అమ్మడానికి అదే మంచి సమయం.

షాట్ నిష్పత్తి చూసేటప్పుడు జోడీదారు ఎవరో చూడకపోతే సగం పనే అయినట్టు. అనుభవజ్ఞుడి పక్కన 54 శాతం, మరో కుర్రాడి పక్కన 46 శాతం ఉంటే మీరు కొలుస్తున్నది ఆ అనుభవజ్ఞుణ్ణే. ఫేస్‌ఆఫ్‌లు (ఆగిన ఆటని తిరిగి మొదలుపెట్టడాలు) ఎక్కువగా ఎదుటి జోన్‌లోనే ఇస్తున్నారా, ఆధిక్యంలో ఉన్న చివరి నిమిషాల్లో కోచ్ బెంచీ మీద కూర్చోబెడుతున్నాడా అన్నవీ చూడాలి. పెనాల్టీ కిల్‌లో (శిక్ష పడి జట్టులో ఒకరు తక్కువైనప్పుడు) రోజూ నిమిషంన్నర ఆడిస్తున్న కోచ్, మాటల్లో ఏమన్నా, ఆ కుర్రాణ్ణి నమ్ముతున్నాడనే లెక్క.

అంకెలు చెప్పలేనివి కంటితో చూడాలి. పక్ (ఆడే రబ్బరు బిళ్ల) మీదున్న కెమెరాని వదిలేసి అతన్నొక్కణ్ణే మూడు మ్యాచ్‌లు చూడండి. సొంత మూలలోకి పక్ పడ్డప్పుడు దాన్ని అందుకునే ముందు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూస్తున్నాడు? ఫోర్‌చెక్ (పక్ లాక్కోవడానికి ఎదుటివాళ్ల దాడి) మీదకొస్తే జోడీదారుకో మధ్యలో ఆడే సెంటర్‌కో పాస్ ఇస్తున్నాడా, చుట్టూ ఉన్న గ్లాస్ మీదకి కొట్టి చేతులు దులుపుకుంటున్నాడా? ఎదుటివాడు వేగంగా వస్తుంటే తన జోన్ మొదలయ్యే బ్లూ లైన్ దగ్గరే నిలబడుతున్నాడా, గోల్ దాకా వెనక్కి జారుతున్నాడా? చివరిది కాళ్ల వేగం వల్లైతే మారడం కష్టం, జంకు వల్లైతే మారుతుంది. రెండు వందల మ్యాచ్‌లు ఆడేదాకా డిఫెన్స్‌మన్ అర్థం కాడనే నానుడి పుట్టింది ఈ జంకు వల్లే. స్కేటింగే రానివాడికి ఆ నానుడి వర్తించదు.

ఏహెచ్‌ఎల్ పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు) చూస్తే అందులో పవర్ ప్లేవి (ఎదుటి జట్టులో ఒకరు తక్కువైనప్పటివి) తీసేయండి. పై జట్టులో మొదటి పవర్ ప్లేకి ఒక్క డిఫెన్స్‌మనే ఉంటాడు, ఆ స్థానం ఇతనికి రాదు. 2015 జనవరిలో షికాగో, వాంకూవర్ జట్లు ఇద్దరు కుర్ర డిఫెన్స్‌మన్లని మార్చుకున్నాయి. వాంకూవర్‌కి వచ్చిన 22 ఏళ్ల ఆడమ్ క్లెండెనింగ్ 2011లో రెండో రౌండ్ పిక్, ఏహెచ్‌ఎల్‌లో పాయింట్లు తెచ్చే రకం. షికాగోకి వెళ్లింది అంతకుముందు ఏడాది అయిదో రౌండ్‌లో తీసుకున్న 18 ఏళ్ల స్వీడన్ కుర్రాడు గుస్తావ్ ఫోర్స్‌లింగ్. క్లెండెనింగ్ వాంకూవర్‌కి 17 మ్యాచ్‌లాడి ఆ వేసవిలోనే పిట్స్‌బర్గ్‌కి వెళ్లిపోయాడు. ఫోర్స్‌లింగ్ ఫ్లోరిడాతో 2024, 2025 కప్‌లు గెలిచాడు. అయితే ఈ పేరు ఎత్తేవాళ్లు మిగతా కథా చెప్పాలి: షికాగో 2019లో కరోలినాకి ఇచ్చేసింది, కరోలినా 2021 జనవరిలో వేవర్స్ మీద పెట్టింది, ఫ్లోరిడాకి ఉచితంగా దొరికాడు. ఆ 2015 ట్రేడ్‌లో నిజంగా ఎవరూ గెలవలేదు.

డ్రాఫ్ట్ స్థానం ముద్ర కూడా ఇలాంటిదే. 2012లో నాలుగో పిక్‌గా వెళ్లిన గ్రిఫిన్ రైన్‌హార్ట్‌ కోసం ఎడ్మంటన్ 2015లో 16, 33వ పిక్‌లు ఇచ్చింది. ఐలాండర్స్ ఆ 16వ పిక్‌తో మాథ్యూ బార్జల్‌ని తీసుకుంది. డ్రాఫ్ట్ అయి మూడేళ్లు దాటితే ఆ అంకెని మర్చిపోవడమే మేలు.

ధర కట్టడం

మూడో రౌండ్ పిక్ అంటే ఇంకా ఎంపిక కాని పద్దెనిమిదేళ్ల కుర్రాడు. అంతా బాగుంటే పై జట్టులోకి రావడానికి నాలుగైదేళ్లు. పిక్ ఏ ఏడాదిది, ఎవరిది, షరతులేమిటి అన్నవి చదవండి. అట్టడుగు జట్టు మూడో రౌండ్ పిక్‌కి, కప్ గెలిచిన జట్టు దానికి మధ్య ముప్పై స్థానాల తేడా ఉంటుంది. ట్రేడ్‌లో తోకలా వెళ్లిన ఏహెచ్‌ఎల్ ఆటగాడికి ధర కట్టకండి. జట్టుకి 50 ఒప్పందాల పరిమితి ఉంది, లెక్క సరిపోవడానికే అతన్ని కలుపుతారు. కుడివైపు షాట్ కొట్టే డిఫెన్స్‌మన్లు తక్కువ, కాబట్టి ఆట సమానమైనా ధర ఒక మెట్టు ఎక్కువ పలుకుతుంది.

ఒక నమూనా కట్టి చూద్దాం. 20 ఏళ్లకి సంతకం చేసి మూడు సీజన్లు పూర్తిచేసుకున్నాడు, ఎడమ షాట్, 38 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు, షాట్ ప్రయత్నాలు 49 శాతం. జట్టులో ఎడమవైపు అప్పటికే నలుగురున్నారు. ఇలాంటివాడికి అక్టోబరులో మూడో రౌండ్ పిక్ వస్తే కళ్లకద్దుకుని తీసుకోవాలి. వాడికే ఇంకో ఏడాది మినహాయింపు ఉంటే మూడో రౌండ్ తక్కువ, రెండో రౌండ్ అడగాలి. బదులుగా పిక్ కాకుండా 24 ఏళ్ల రైట్ షాట్, జూన్‌లో పాతికేళ్లు నిండబోతున్నవాడు, ఒప్పందం కూడా అప్పుడే ముగిసేవాడు, 75 మ్యాచ్‌ల అనుభవంతో వస్తే ట్రేడ్ ఇంకా బాగుంది. కాకపోతే అతన్ని సీజన్ ముగిసేలోపు ఇంకో ఐదు మ్యాచ్‌లు తప్పకుండా ఆడించాలి. లేకపోతే గ్రూప్ సిక్స్ కింద జూలై 1న చేజారిపోతాడు.