ఇంట్లో పిల్లలకు స్పానిష్: ఇంగ్లిష్ ఎందుకు మధ్యలో?

మేముండేది హ్యూస్టన్‌లో. కిరాణా కొట్లో బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, పక్కింటి బామ్మగారు స్పానిష్ తప్ప మాట్లాడరు. మా అమ్మాయికి నాలుగేళ్లు. నాకొచ్చిన స్పానిష్ అంతంత మాత్రమే అయినా బండి బాగానే నడుస్తోంది, ఎందుకంటే దాన్ని తెలుగులోంచే నేర్పుతున్నాను.

ముందు నోరు తిరగాలి. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లిష్‌లోలా మాట మాటకీ పలుకు మారదు. త, ద మనలాగే నాలుక పళ్లకు తగిలించి అనాలి. ప, త, క అనేటప్పుడు గాలి ఊదకూడదు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "పాప" అనమనండి, చేతికి గాలి కొట్టకపోతే సరిగ్గా పలికినట్టే. (మెక్సికో వాళ్లకు పాప అంటే బంగాళాదుంప. మా పిల్ల ఇప్పటికీ నవ్వుతుంది.) పెరో అంటే 'కానీ', పెర్రో అంటే కుక్క. ఆ 'ర్ర' కోసం బర్రె, గొర్రె అని కాస్త నొక్కి పలికించండి. స్పెయిన్ యాస కొంచెం వేరు, మొదట్లో రెండూ కలపొద్దు.

వాక్యాల్లో అయితే మనకు ఇంకా సులువు. "మే గూస్తా ఎల్ మాంగో" అంటే నాకు మామిడిపండు ఇష్టం. అక్కడా 'నాకు' అనే అంటారు. "కియెరో ఆగ్వా" అంటే నీళ్లు కావాలి, 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. పక్కింటి బామ్మగారిని ఉస్తేద్ అనాలని చెప్పగానే మా పిల్లకు అర్థమైపోయింది.

పుస్తకం పట్టుకుని కూర్చోబెట్టొద్దు. పాలు తాగే వేళ చాలు. నేను గ్లాసులో ఓ గుక్కెడు పోసి, గిన్నె ఎత్తి పట్టుకుని "మాస్?" అంటాను. ఇంకా కావాలా అని. "సీ, మాస్" అంటే ఇంకో గుక్కెడు. "యా" (ఇక చాలు) అంటే ఆపేస్తాను. మొదట్లో తల ఊపుతారు, ఊపనివ్వండి. తర్వాత "కియెరో మాస్ లేచే" (ఇంకా పాలు కావాలి) అని వాళ్లే అడుగుతారు. కొట్లో కూడా అంతే. తమరిందో మన చింతపండే. హమైకా అని ఎండబెట్టి అమ్మే ఎర్రటి రేకులు గోంగూర మొక్కవే, వాళ్లు వాటితో షర్బత్ చేసుకుంటారు.

చిక్కల్లా ప్రతి నామవాచకానికీ ముందు 'ఎల్' (పుంలింగం) రావాలా 'లా' (స్త్రీలింగం) రావాలా అన్నదే. దీనికి లోతెరియా కొనండి. మన తంబోలా లాంటి మెక్సికో ఆట, అంకెల బదులు బొమ్మలు. 54 ముక్కలు, అట్టకు 16 గడులు. ముక్క తీసి "ఎల్ గాయో!" అని అరిస్తే, కోడిపుంజు ఉన్నవాళ్లు ఆ గడిలో చిక్కుడు గింజ పెడతారు. ఎల్ సోల్, లా లూనా, లా మానో అని పేరుతో పాటే ఎల్, లా నోటికి అంటుకుపోతాయి. దెయ్యం, తాగుబోతు, చావు బొమ్మలు కూడా ఉంటాయి. ఆ ముక్కలు తీసేసి, అట్ట మీద వాటి గడుల్లో ముందే గింజలు పెట్టేస్తాం.

చెయ్యి బొమ్మ చూసి పిల్ల "ఎల్ మానో" అంటుంది. ఓకారంతో ముగిసే మాటలకు ఎక్కువగా 'ఎల్' వస్తుంది కాబట్టి అలా అనడం న్యాయమే. తప్పు అనకుండా "సీ, లా మానో" అని నేను గింజ పెట్టేస్తాను. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం "ఏదీ, ఆంటీకి స్పానిష్‌లో చెప్పు" అని నిలబెట్టకండి. ఆ తర్వాత వారం నోరు విప్పరు.

రాయించడం, క్రియల పట్టికలు బడి వయసుకి వదిలేయండి. ఆట బాగా అలవాటయ్యాక ముక్కలు తీసి అరిచే పని పిల్లకే ఇవ్వండి, అప్పుడు పేరు గుర్తుచేసుకోక తప్పదు. పేరు గుర్తు రాకపోతే నేను మొదటి అక్షరం మాత్రం అందిస్తాను.