పిస్టల్‌లో లోపం ఉందని అనుమానమా? ముందు ఛాంబర్ చూడండి

పోయిన వారం ప్రొద్దుటూరులో మా చిన్నాయన ఇంట్లో జొన్నల మూటకు చిటికెన వేలు దూరేంత చిల్లు పడింది. సన్నగా, ఆగకుండా జొన్నలు నేల మీదికి కారుతుంటే అందరం బిగుసుకుపోయి చూస్తున్నాం. ఐదు నిమిషాల ముందు ఆ మూట మీదే మనవరాలు కూర్చునుంది.

ఎన్నికల కోడ్ అని స్టేషన్‌లో డిపాజిట్ చేయడానికి చిన్నాయన పిస్టల్ బయటికి తీశాడు. ట్రిగ్గర్ పట్టేస్తోందని ఎప్పటినుంచో అనుమానం. తూటాలు నింపే మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, ఖాళీనే కదా అని నొక్కాడు.

మ్యాగజైన్ తీస్తే పిస్టల్ ఖాళీ కాదు. ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఒక తూటా ఉండొచ్చు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ ఈ ఒక్క తప్పుతోనే జరిగాయి. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే భాగం) లాగాలి. వరుస తప్పితే ఒక తూటా బయటపడి, ఇంకోటి లోపలికి ఎక్కుతుంది. ఛాంబర్‌ను కంటితో చూడండి, వేలు పెట్టి తడమండి.

ఇక లోపం సంగతి. నల్లరంగు పోవడం, పిడి స్క్రూ వదులవడం పెద్ద విషయాలు కావు. నొక్కినా పేలడం లేదంటే ముందు వేరే పెట్టెలోని తూటాలు వాడి చూడాలి, చాలాసార్లు పాత తూటాలదే తప్పు. అదీ షూటింగ్ రేంజ్‌లోనే. నొక్కకుండా పేలే లోపం మాత్రం నూరుసార్లలో ఒక్కసారి కనబడినా చాలు, ఆ తుపాకీ వాడొద్దు. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ కొన్ని కోణాల్లో కిందపడితే పేలుతుందని తేలాక, 2017లో కంపెనీయే భాగాలు ఉచితంగా మార్చి ఇచ్చింది.

ఇంట్లో కిందపడేసి పరీక్ష చేయొద్దు. స్ప్రింగ్‌లు మీరు విప్పొద్దు. రిపేరుకు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే పోండి, ఆయుధ చట్టం ప్రకారం రిపేరుకూ లైసెన్స్ కావాలి. నొక్కినా పేలకపోతే వెంటనే స్లైడ్ తెరవొద్దు, తూటా ఆలస్యంగా పేలొచ్చు. కనీసం అర నిమిషం గొట్టాన్ని మనుషుల్లేని వైపే పట్టుకోండి. 'టుస్' మని తక్కువ శబ్దం వస్తే రెండోసారి నొక్కొద్దు, మొదటి గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. పెళ్లిలో, జాతరలో పేల్చి చూడొద్దు, రెండేళ్ల వరకు జైలు. తాగి ముట్టుకోవద్దు. పిల్లలు ఇంట్లో ఉంటే తీయనే తీయొద్దు. మ్యాగజైన్ తీశారా? ఛాంబర్ చూడండి. ఇంకొకరి చేతికిచ్చేముందు చూడండి. వాళ్లు చూశామన్నా మళ్లీ మీరు చూడండి.